ఆకాశపు శిస్తు

కృష్ణా డెల్టాలో కాలువ చివర భూములున్న రైతునకు నీటితీరువ సంగతి మేము చెప్పవలసిన పనిలేదు. తూముకడ నున్నవానికిని చివర నున్నవానికిని తీరువ యొక్కటియే. పాఱు నీరు మాత్ర మొక్కటి కాదు. ఈ చివరిభూముల న్యాయమే నేడు టెలివిజను విషయమున తెలుగువారికి సంక్రమించి యున్నదని మే మనినచో కొందఱు పాఠకు లాశ్చర్యపడవచ్చును. తెలుగున చానెళ్లకేమి కొదువ, రాత్రింబవళ్లు మ్రోగుచునే యున్నవి గదా యని వారందురు. నిజమే. చానెళ్లకు కొదువ లేదు. నెలనెల చెల్లింపు లేకుండ నింటికి వచ్చు తెలుగు చానెళ్లకే కొదువ.

కొన్ని మాసముల క్రిందట మే మొక పరిచితుని గ్రామమునకు బోయి యుంటిమి. ఆయన మోతుబరి కాడు, బీదవాడును కాడు; నాలుగెకరముల మాగాణి కలదు. కేబులు ఖర్చు పెరుగుచున్నదని విసిగి, పట్టణమునుండి ఫ్రీ డిష్ పెట్టె నొకదానిని కొని తెచ్చి డాబామీద బిగింపించెను. ఒక్కమారు సొమ్ము పెట్టిన చాలును, ఆ పిమ్మట నెలరుసుమన్నది లేదని యాయన సంతోషము. మాకు చూపుటకై మీట నొక్కసాగెను. హిందీ చలనచిత్రములు, హిందీ ధారావాహికలు, హిందీ వార్తలు, భోజపురి పాటలు, మరల హిందీ చలనచిత్రములు. నడుమ నెక్కడనో దూరదర్శన్ వారి యాదగిరియు సప్తగిరియు. వానిని దాటిన పిదప తెలుగుమాట వినవచ్చుట బహు స్వల్పము. మంచముమీద గూర్చున్న వారి తల్లిగారు "మన మాట వచ్చేదేదిరా నాయనా" యని యడిగిరి. మూడవ నెలలో ఆయన కేబులువానినే మరల పిలిపించుకొనెనని పిదప తెలిసినది. డిష్ మాత్రము డాబామీద నట్లే యున్నదట, పిచ్చుకలకు పనికివచ్చుచున్నది.

ఆ తల్లి యడిగిన ప్రశ్నయే మా ప్రశ్న. దీనికి సమాధానము వెదకవలెనన్న కొంత వెనుకకు బోవలసి యుండును.

ఆకాశమునుండి తిన్నగా పల్లెకు బొమ్మను దింపుట ఈ దేశమున మొదట జరిగినది 1975 ఆగస్టు 1వ తేదీన. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము నొక సంవత్సరముపాటు ఎరవు తీసికొని, మన అంతరిక్ష పరిశోధన సంస్థవారు ఆఱు రాష్ట్రములలో 2,400 గ్రామముల కార్యక్రమములు పంపిరి. కోళ్లగూటి తీగవలతో నల్లిన పది యడుగుల గొడుగు, పంచాయతీ చావడిలో నొక పెట్టె, చుట్టును కూర్చున్న యూరివారు. ఇదియే నాటి ఏర్పాటు. నాటి ఆంధ్రప్రదేశ్ ఆ యాఱింటిలో నొకటి. హిందీ, ఒరియా, కన్నడములతో పాటు తెలుగు నాలుగవ భాష. ఒకే బొమ్మకు రెండు ధ్వనిమార్గములు జతపఱచి, ఆ బొమ్మయే రెండు భాషల వారికి వారివారి మాటలలో వినిపించు ఉపాయము కూడ నాడే యుండెను. వ్యవసాయము, ఆరోగ్యము, బడిపిల్లల పాఠములు. దినమునకు నాలుగు గంటలు. 1976 జులై 31తో ఆ ప్రయోగము ముగిసినది. పైసా చెల్లింపక తెలుగు పల్లె తెలుగుమాట నాకాశమునుండి విన్న సంవత్సరమది. అప్పటికి హైదరాబాదునకు సొంత టెలివిజను కేంద్రమే లేదు. అది 1977లో వచ్చినది.

తరువాతి కథ పాఠకులలో పెద్దలకు తెలిసినదే. రేడియోకును టెలివిజనుకును లైసెన్సు పుస్తకము లుండి, తపాలాకచేరిలో రుసుము కట్టు దినములు 1980 దశకపు నడుమకు ముగిసెను. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగులు వచ్చెను. దేశమంతటికి నొక్కటే దూరదర్శన్. రాత్రి కాగానే జాతీయ కార్యక్రమ మను పేర హిందీ. మన వాకిట తెలుగు వినవలెనన్న సాయంకాలపు కొన్ని గంటలే గతి. 1991 ఆరంభమున గల్ఫు యుద్ధమును పెద్ద హోటళ్లలో విదేశీ చానెలు ద్వారమున జూచినవారికి క్రొత్త రుచి పట్టినది. ఆ సంవత్సరమే హాంగ్‌కాంగునుండి స్టార్ టీవీ, 1992 అక్టోబరులో జీ టీవీ. వెంటనే ప్రతి పట్టణమున నొక యువకుడు మిద్దెమీద పెద్ద డిష్ నెత్తి, చెట్లకును కరెంటు కంబములకును తీగెలు కట్టి, వీధివీధికి చానెళ్లను పంచసాగెను. అనుమతియు లేదు, చట్టమును లేదు. ఈ యువకులను దొరతనమువారు తొలుత గమనింపనే లేదు. గమనించునప్పటికి వారు లేనిదే ఊరు నడువదు. కేబులు చట్టము 1995లో గాని రాలేదు. అదే సంవత్సరము జెమినీ టీవీయు, ఆగస్టు 27న ఈటీవీయు ఆరంభమైనవి. తెలుగువాడు తన భాషలో దినమంతయు టెలివిజను చూడగల్గుట కేబులువాని చలువయే గాని ప్రభుత్వమువారి చలువ కాదు. ఇది వ్రాయుట మాకు కష్టముగనే యున్నది గాని సత్యము.

ఆ 1995వ సంవత్సరముననే, ఫిబ్రవరి 9వ తేదీన, సుప్రీంకోర్టువా రొక తీర్పు చెప్పిరి. వివాదము క్రికెట్టు గుఱించినది. 1993లో కలకత్తాలోని బెంగాలు క్రికెట్టు సంఘమువారు హీరో కప్పు పోటీల ప్రసారహక్కును విదేశీ కంపెనీకి అమ్ముకొనగా దూరదర్శన్ వారడ్డుపడిరి. న్యాయాధిపతులు క్రికెట్టును దాటి మూలమునకే పోయిరి. ఆకాశతరంగములు ప్రజల సొత్తు. అవి పరిమితములు గనుక ప్రజల మేలుకొఱకే వాడవలెను. ప్రభుత్వము వానిని తన గుత్తగా నుంచుకొనరాదు, ధనవంతులకు వదలివేయనురాదు. స్వతంత్రమగు సంస్థ వాని నజమాయిషీ చేయవలెను. ఈ తీర్పున తన యభిప్రాయమును వేఱుగ సవిస్తరముగ వ్రాసిన న్యాయాధిపతి జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిగారు తెలుగువారే. ఆ మాటలు వ్రాసి 30 ఏండ్లు దాటినవి. ప్రజల సొత్తన్నారు గదా, ఆ సొత్తు పంపకమునకు వచ్చినప్పుడు తెలుగు ప్రజల పాలు ఎంత?

పంపకము రెండు దారుల జరిగినది. ఒకటి చెల్లింపు దారి. కేబులు తీగెలో నేది వచ్చిన నది యందఱికి వచ్చుచుండిన కాలమున, ఎన్ని యిండ్లున్నవో కేబులు యజమాని పైవారికి దాచిపెట్టెననియు, పైవారు ఇష్టము వచ్చిన ధర వేసిరనియు నొకరిపై నొకరు నిందలు. దీనికి మందుగ సంకేతములకు తాళము వేసి, పెట్టెలోని కార్డు తాళపుచెవి యగు పద్ధతి వచ్చినది. ఇంటింటికి చిన్న డిష్‌తో తిన్నగా ప్రసారము చేయు పద్ధతిని ప్రభుత్వమువారు 1997లో నిషేధించి, 2001లో అనుమతించిరి. 2003 అక్టోబరులో డిష్ టీవీయు, పిదప టాటా స్కై, సన్, ఎయిర్‌టెల్ మున్నగునవియు వచ్చెను. కేబులు తీగెలకును 2012 మొదలు దశలవారిగ పెట్టెలు తప్పనిసరి చేసిరి. హైదరాబాదు, విశాఖపట్టణము రెండవ దశలో 2013లో. పల్లెలు నాలుగవ దశలో 2017లో.

అందఱి యిండ్లకు పెట్టెలు చేరినవి గనుక ఇక చూచినదానికే చెల్లించు న్యాయము వచ్చునని ట్రాయ్ సంస్థవారు చెప్పిరి. వారి క్రొత్త ధరల పద్ధతి 2019 ఫిబ్రవరి 1 నుండి అమలయ్యెను. నూఱు చానెళ్ల మార్గమునకు నెలకు 130 రూపాయలు. నూటికి 18 వంతు పన్నుతో 153 రూపాయల 40 పైసలు. ఇది తలుపు తెఱచుటకు మాత్రమే. లోపల నొక్కొక్క చెల్లింపు చానెలుకు వేఱు ధర. ప్యాకేజీలో చేర్చదలచిన చానెలు ధర 19 రూపాయలకు మించరాదని హద్దు పెట్టగా, హద్దునే ధరగ జేసికొనినవారే యెక్కువ. స్టార్ మా 19, జెమినీ 19, జీ తెలుగు 19, ఈటీవీ 17. ఈ నాలుగింటికి 74 రూపాయలు, పన్నుతో 87 రూపాయల 32 పైసలు. మొత్తము నెలకు 240 రూపాయల 72 పైసలు. ఏటికి సుమారు 2,889 రూపాయలు. ఇందు వార్తల చెల్లింపు చానెలు గాని, ఆటల చానెలు గాని, పిల్లల చానెలు గాని లేవు. ప్యాకేజీగ గొన్న కొంత తగ్గునందురు. తగ్గును, అక్కఱలేని పదింటితో కలిపి. ఆ పిమ్మట 2020లో హద్దు 12కు దించి, 2022 నవంబరులో మరల 19కే పెంచిరి. 2024 జులైలో మార్గపు రుసుముమీది హద్దును తీసివైచిరి. చందాదారునకు మిగిలినది గోడమీది పెట్టెయు, ఫోనులో వచ్చు గడువు హెచ్చరికయు.

రెండవది ఉచితపు దారి. 2004 డిసెంబరులో ప్రసారభారతివారు 33 చానెళ్లతో డీడీ డైరెక్ట్ ప్లస్ నారంభించిరి. 2014లో దానికి ఫ్రీ డిష్ అని పేరు మార్చిరి. తాళము లేదు గనుక చందాదారుల పట్టీ లేదు. ఎన్ని యిండ్లని ఖచ్చితముగ నెవరును చెప్పలేరు. పరిశ్రమవారి అంచనా మాత్రము 4 కోట్లు దాటినది. చెల్లింపు డిష్ చందాదారులు 2021లో సుమారు 7 కోట్లుండి, 2025 నాటికి 6 కోట్లకు లోబడినారు. కొందఱు సెల్ ఫోనునకు బోయిరి, కొందఱు ఉచితమునకు బోయిరి.

ఈ యుచితము దానధర్మము కాదని పాఠకులు గ్రహింపవలెను. ప్రైవేటు చానెలువారు ఫ్రీ డిష్‌లో చోటుకై వేలము పాడి కోట్ల రూపాయలు ప్రసారభారతికి చెల్లింతురు. ఆ సొమ్మును సబ్బులు, బిస్కట్లు, విత్తనములు అమ్ము కంపెనీల ప్రకటనలనుండి రాబట్టుకొందురు. 2015 అక్టోబరున ప్రేక్షకుల లెక్క పల్లెలలోను మొదలైనప్పుడు, పాత హిందీ ధారావాహికలు తిప్పితిప్పి వేయు ఉచిత చానెళ్లు పెద్ద చెల్లింపు చానెళ్లను మించిపోయిన వింత బయటపడినది. అందుకై హిందీ కంపెనీలన్నియు ఫ్రీ డిష్‌కు బరువెత్తినవి. 2019 మార్చిలో క్రొత్త ధరల పద్ధతి లాభము చూచుకొని స్టార్, జీ, సోనీ, వయాకామ్ వారు తమ ఉచిత చానెళ్లను వెనుకకు తీసికొనిరి; ప్రకటనలు తగ్గగా 2020లో తిరిగి వచ్చిరి; 2022 ఏప్రిల్‌లో మరల తీసికొనిరి. పొలముగట్టుమీది కొంగవలె, నీరున్నంతవఱకే నిలుచుట. అయినను వారి రాకపోకల నడుమ హిందీ ప్రేక్షకుని కెన్నడును ఉచిత చానెళ్లకు కఱవు కలుగలేదు. ఒకరు పోయిన చోట నింకొకరు పాడుకొనిరి.

తెలుగువా రేల రాలేదు? తప్పంతయు ఢిల్లీమీద వేయుట మాకు సులభమే గాని న్యాయము గాదు. హిందీ దేశమున నెన్నో జిల్లాలలో కేబులు తీగె పల్లెకు చేరనే లేదు. విద్యుత్తుతో పాటు ఫ్రీ డిష్ చేరెను. తెలుగుదేశమున కేబులు ముందే పాతుకొని యుండెను, చవుకయు నుండెను. నెలనెల చందా వచ్చు నింటికి చానెలు నుచితముగ నేల యిత్తుమని యజమానుల లెక్క. వ్యాపారికది తప్పని లెక్క గాదు. అయితే ఆ లెక్క వేయునది యెచ్చటనో చూడుడు. నాలుగు పెద్ద తెలుగు వినోద చానెళ్లలో జెమినీ చెన్నపట్టణపు సన్ వారిది. జీ తెలుగు బొంబాయివారిది. మా టీవీని 2015లో స్టార్ వారు కొనిరి. హైదరాబాదున మిగిలినది ఈటీవీ. హిందీలో నుచితముగ నిచ్చుటకు వేఱు చానెళ్లు పెట్టిన కంపెనీలే తెలుగున నట్టి దానికి పూనుకొనవయ్యెను. మన ప్రేక్షకుడు చెల్లించునని వారికి నమ్మకము. చక్కగ చెల్లించువానికి రాయితీ యిచ్చు వర్తకు డెక్కడ నుండును?

రాష్ట్రములు చేయగల్గినది కొంత యున్నది. తమిళనాట 2011లో ప్రభుత్వ కేబులు సంస్థవారు నెలకు 70 రూపాయలకే చానెళ్ల నిచ్చిరి. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్టువారు 149 రూపాయలకు టెలివిజను, ఇంటర్నెట్టు, టెలిఫోను మూడును కలిపి యిత్తుమని బయలుదేరిరి. 2017 డిసెంబరులో రాష్ట్రపతిగారిచే దానిని ప్రారంభింపజేసిరి. అయినను కంబములమీది తీగె కంబముల పాటే పడును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను మొత్తినప్పుడు కంబములు కూలి, తీగెలు తెగి, వార్త యొకటి యక్కఱయైన గడియలోనే వార్త రాలేదు. బ్యాటరీతో నైన నడుపగల చిన్న పెట్టెయు, ఆకాశమును చూచు డిష్షును ఉన్నయింట తెలుగులో తుఫాను హెచ్చరిక వినవచ్చుట వినోదము గాదు.

క్రికెట్టు సంగతి యింకను విచిత్రము. జాతీయ ప్రాముఖ్యముగల యాటలను ప్రైవేటు హక్కుదారులు ప్రసారభారతితో పంచుకొనవలెనని 2007లో చట్టము చేసిరి. బీదవాడును చూడగల్గవలెననియే యుద్దేశము. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టువారు ఆ యాట దూరదర్శన్ వారి సొంత ట్రాన్స్‌మిటర్లపైనను, ఫ్రీ డిష్‌పైనను మాత్రమే చూపవలెను, ప్రైవేటు కేబులు ద్వారమున గాదని తేల్చిరి. చట్టము చదివిన నది సరియే కావచ్చును. కాని ఫ్రీ డిష్ నిండియున్న హిందీ ప్రాంతమున నాట ఉచితముగ నింటికి వచ్చును. కేబులుమీద నాధారపడిన తెలుగునాట రాదు. పోనీ పూర్వము వలె మిద్దెమీద యాంటెన్నా నిలుపుద మన్న, దూరదర్శన్ వారు పాత భూతల ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి, సరిహద్దు మున్నగు కొన్ని చోట్ల దప్ప, మూసివైచిరి. కావున ఉచితమునకు దారి యొక్కటే మిగిలినది. ఆ దారిలోనే మన మాట తక్కువ.

వ్యవసాయదారుల మాట చెప్పెదము. 2015 మే 26న దూరదర్శన్ వారు రైతుల కొఱకని కిసాన్ చానెలు పెట్టిరి. దినమంతయు నడుచును, హిందీలో నడుచును. గోధుమకు తెగులు పట్టిన నేమి చేయవలెనో మన గోదావరి రైతు విని యేమి చేయును? మిరపకు నల్లి పట్టిన సంగతి తెలుగులో వినుటకు కడపటికి ప్రైవేటు చానెలు "అన్నదాత"యే దిక్కైనది.

ప్రసారభారతివారు తమకును ఖర్చు లున్నవనియు, వేలపు సొమ్ముతో నుపగ్రహపు అద్దె కట్టవలెననియు ననవచ్చును. నిజమే. హిందీ వినోదమున కెక్కువ పాట వచ్చును, తెలుగునకు తక్కువ వచ్చును. అయితే ఊరుమ్మడి చెఱువున చేపల వేలము పెట్టువారును, ఊరివారు త్రాగునీరు ముంచుకొను రేవును వేలము వేయరు. ప్రతి రాష్ట్రభాషకు ఇన్ని స్థానములని మొదట కేటాయించి, మిగిలినవానిని పాటకు పెట్టవచ్చును. పాటకు పెట్టినను భాషనుబట్టి కనీసపు ధరను దింపవచ్చును. కొన్ని కోట్లమంది యిండ్లలో చూడగల భాషకు దేశమంతటి భాషతో సమానముగ పాడుమనుట న్యాయము గాదు. అన్నిటికంటె సులభమైనది 1975లోనే చేసి చూపిన పని. కిసాన్ చానెలు బొమ్మకును, ఆటల బొమ్మకును రెండవ ధ్వనిమార్గమున తెలుగును జతచేయుట. నాడు అమెరికా ఉపగ్రహముతో, కోళ్లగూటి వలతో చేయగల్గినవారము నేడు చేయలేమనుట హాస్యాస్పదము. ఇక యాదగిరి, సప్తగిరులను దూరదర్శన్ వారు బ్రదికింపవలెను. సర్కారు కచేరిగోడవలె నున్న చానెలును ఉచితముగ నిచ్చినను ఎవ్వరును చూడరు.

తెలుగు చానెలు యజమానులకును మా మనవి యొకటి. సెల్ ఫోనునకు ప్రేక్షకుడు జాఱిపోవుచున్నాడని వారికి మాకంటె బాగుగ తెలియును. పాత ధారావాహికలు, పాత చిత్రములు వారి గిడ్డంగులలో నిండి యున్నవి. వానితో నొక్క యుచిత చానెలు పెట్టి, పల్లె ప్రకటనలమీద బ్రదుకునో లేదో యొక్క సంవత్సరము చూచుటకు వారికి వెనుకాట యేల? హిందీలో వారి యన్నదమ్ముల కంపెనీలు చూచినవే గదా. మన రెండు రాష్ట్రముల పార్లమెంటు సభ్యులు చాల విషయములలో నొకరి ముఖము నొకరు చూడరు. ఇందు మాత్రము నదీజలము లేదు, సరిహద్దు లేదు, ఆస్తుల పంపకము లేదు; కలిసి యొక ప్రశ్న యడుగుటకు జంకవలసిన పని లేదు.

అడుగుటకు వేళయు నిదియే. ఫ్రీ డిష్ ప్రసారములను మోయు జీశాట్-15 ఉపగ్రహమును 2015 నవంబరు 11న ఫ్రెంచి గయానాలోని కౌరూనుండి ప్రయోగించిరి. దాని యాయుర్దాయము 12 సంవత్సరములని ప్రయోగించిననాడే చెప్పిరి. ఆ లెక్కకు 2027 చివర దాని గడువు తీరును. దాని భారమును మఱొక యుపగ్రహమునకు మార్చునప్పుడు ఎన్ని స్థానములు, ఏయే భాషలకు, ఏ ధరకు అను పట్టీ క్రొత్తగ వ్రాయవలసి యుండును. ఆ పట్టీ వ్రాయువారి బల్లమీద తెలుగునాటినుండి యొక్క అర్జీయైన నుండవలెను గదా.